రోజూ వేసుకునే సూది సరే, ఆ తర్వాత ఏమిటి?

ప్రశ్న: మా అమ్మగారికి 67 ఏళ్లు. మధురవాడలో మాతోనే ఉంటారు. ఆ మధ్య స్నానాల గదిలో నిండు బకెట్టు పక్కకు జరపబోయి, నడుములో ఏదో కలుక్కుమన్నదని మంచం పట్టారు. ఎక్స్‌రేలో రెండు వెన్నుపూసలు అణిగిపోయినట్టు కనిపించింది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 3.4 వచ్చింది. డాక్టరుగారు టెరిపారటైడ్ అనే ఇంజెక్షన్ రోజూ ఒకటి చొప్పున రెండేళ్లు వేసుకోమన్నారు. అమ్మ రోజూ సూది అనగానే ససేమిరా అంటున్నారు. దానివల్ల ఎముక క్యాన్సర్ వస్తుందట అని మా చిన్నాన్నగారు భయపెడుతున్నారు. మా పక్క ఫ్లాటులో ఆవిడ ఆరు నెలలకు ఒక్క ఇంజెక్షన్‌తో సరిపెట్టుకుంటున్నారు కదా, మాకూ అది చాలదా? లేదా దీన్నే ఓ ఆరు నెలలు వేయించి చూద్దామా? అమ్మకు పదేళ్ల కిందట కిడ్నీలో రాయి వచ్చి తగ్గింది. మీరు ఈ ఇంజెక్షన్లు వాడానని ఒకసారి ఈ శీర్షికలోనే రాశారు. మీ అనుభవం చెప్పగలరా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట. నేను డాక్టరును కాను. మీ అమ్మగారి వయసుకు దగ్గరలోనే ఎముకలు గుల్లబారి, మణికట్టూ ఆ తర్వాత వెన్నుపూసా విరిగి, ఇదే మందును గడువు పూర్తయ్యేదాకా వాడి, ఇప్పుడు దాని తర్వాత వేసే మందు మీద ఉన్న మనిషిని మాత్రమే. ఆ హద్దులో ఉండి చెబుతున్నాను. మీ ఉత్తరంలోని వివరాలను బట్టి చూస్తే డాక్టరుగారి సలహా నాకు సబబుగానే కనిపిస్తోంది. అయితే మొదటి సూది వేసే ముందే, చివరి సూది అయ్యాక ఏ మందు మొదలుపెడతారో ఆయనను అడిగి చీటీ మీద రాయించుకోండి. మీరు నన్ను అడిగిన వాటన్నిటికంటే మీరు అడగని ఈ సంగతే ముఖ్యమని నా నమ్మకం.

మీ అమ్మగారి పరిస్థితిని నడుంనొప్పిగా చూడకండి. టీ స్కోరు మైనస్ 2.5 గాని అంతకంటే కిందికి గాని ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఆవిడ స్కోరు దానికి చాలా దిగువన ఉంది. పైగా కింద పడకుండా, ఎవరూ గుద్దకుండా, ఒక బకెట్టు జరిపినంత మాత్రాన వెన్నుపూస అణిగిందంటే స్కోరు ఎంతైనా సరే జబ్బు ముదిరిందనే అర్థం చేసుకోవాలి. ఒక పూస అణిగిన తర్వాతి ఏడాదిలో దాదాపు ప్రతి ఐదుగురు స్త్రీలలో ఒకరికి ఇంకొక పూస అణుగుతుందని 2001లో వెలువడిన ఒక అధ్యయనం చెబుతోంది. కాబట్టి తాత్సారం చేసే వ్యవధి మీకు లేదు. నెలల తరబడి బంధువులందరి అభిప్రాయాలూ పోగుచేసుకుంటూ కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే, అదీ మంచి నిర్ణయం కాదు.

ఇక పక్క ఫ్లాటు ఆవిడ సంగతి. ఆరు నెలలకొకసారి వేసేది బహుశా డెనోసుమాబ్ అయి ఉంటుంది. మన శరీరంలో పాత ఎముకను కరిగించే కణాలు కొన్ని, కొత్త ఎముకను పేర్చే కణాలు కొన్ని నిరంతరం పనిచేస్తూ ఉంటాయి. డెనోసుమాబ్, ఏడాదికోసారి సెలైన్‌లాగా ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్, వారానికో మాత్రగా మింగే అలెండ్రోనేట్ వంటివన్నీ కరిగించే కణాల చేతులు కట్టేస్తాయి. ఉన్న ఎముక పోకుండా కాపాడటం వాటి పని. టెరిపారటైడ్ దారి వేరు. అది పేర్చే కణాలను పనిలోకి దించి కొత్త ఎముకను వేయిస్తుంది. జనం నోట్లో అన్నీ 'ఎముకల ఇంజెక్షన్' అయిపోవడం వల్ల ఒకరికి రాసినది మరొకరికి చాలదా అనే ప్రశ్న వస్తుంది. ఇప్పటికే పూసలు అణిగిపోయి స్కోరు ఇంతగా పడిపోయినవారికి ముందు ఎముకను పెంచి, ఆ తర్వాత దానిని నిలబెట్టే మందు ఇవ్వడం మేలని ఈనాటి వైద్యుల ఆలోచన. వరస తిరగబడితే నష్టం కూడా ఉంది. ముందు డెనోసుమాబ్ వాడి, దానిని మాని టెరిపారటైడ్‌కు మారినవారిలో తుంటి ఎముక సాంద్రత పెరగకపోగా కొంతకాలం తగ్గింది. అందుచేత ఇప్పటివరకూ ఏ మందూ పడని మీ అమ్మగారికి మొదట ఏది పడుతుందన్నది చిన్న విషయం కాదు.

ఈ మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే రోజూ ఎందుకన్న ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. వాటి హార్మోనులో 84 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. అందులో మొదటి 34 మాత్రమే తీసుకుని తయారుచేసినది టెరిపారటైడ్. చిత్రమేమిటంటే, ఈ హార్మోను రక్తంలో ఎప్పుడూ ఎక్కువగా ఉండేవారికి ఎముకలు కరిగిపోతాయి. అదే రోజుకొక్కసారి కొద్ది మోతాదులో వచ్చి కొన్ని గంటల్లో వెళ్లిపోతే ఎముక పెరుగుతుంది. జల్లు పడితే పైరు ఎదుగుతుంది, నీరు నిలిస్తే కుళ్లుతుంది. ఇదీ అటువంటిదే. అందుకే నెలకు సరిపడా మందు ఒకేసారి ఎక్కించే వీలు ఇందులో లేదు, ఒకరోజు మరిచిపోతే మరుసటి రోజు రెండు వేసుకోకూడదు. రోజుకు 20 మైక్రోగ్రాములు, అంతే. ఇది చేసే మేలు ఎంతంటే, అప్పటికే పూస విరిగిన 1637 మంది స్త్రీలపై జరిపి 2001లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, ఉత్తుత్తి ఇంజెక్షన్ పడినవారిలో 14 శాతం మందికి కొత్తగా పూసలు విరగగా, ఈ మోతాదు వేసుకున్నవారిలో 5 శాతం మందికే విరిగాయి.

క్యాన్సర్ భయం గురించి చెప్పాలంటే, మీ చిన్నాన్నగారు చదివినది పుట్టించిన కథ కాదు, కాలం చెల్లిన సమాచారం. ఎలుకలకు దాదాపు జీవితమంతా, మనుషులకు ఇచ్చే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో ఈ మందు ఇచ్చినప్పుడు వాటికి ఎముక క్యాన్సర్ వచ్చింది. నేను పైన చెప్పిన పరిశోధనను అనుకున్న గడువుకు ముందే ఆపేయడానికి కూడా అదే కారణం. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు అనుమతి ఇస్తూ, తీవ్రమైన హెచ్చరికలకు వాడే నల్లగీతల పెట్టెలో దానిని అచ్చువేయించింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మందు వాడిన మనుషులను గమనిస్తూ వస్తే వారిలో ఆ క్యాన్సర్ మామూలుకంటే ఎక్కువగా కనిపించలేదు. దాంతో 2020లో ఆ పెట్టె హెచ్చరికను అదే సంస్థ తీసివేసింది. అయినా కొందరికి ఈ మందు పనికిరాదు. ఎముకలకు తగిలేలా రేడియేషన్ చికిత్స తీసుకున్నవారు, ఎముకల్లోకి క్యాన్సర్ పాకినవారు, ఎముకలు అడ్డదిడ్డంగా పెరిగే పేజెట్ జబ్బు ఉన్నవారు, రక్తంలో కాల్షియం ముందే ఎక్కువగా ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు. మీ అమ్మగారికి గతంలో గర్భసంచికో రొమ్ముకో రేడియేషన్ ఇచ్చి ఉంటే, ఎన్నేళ్లయినా సరే, డాక్టరుగారికి తప్పక చెప్పండి. పెద్దవాళ్లు 'అది ఎప్పటిదో' అని ఊరుకుంటారు.

కిడ్నీ రాయి సంగతి కూడా చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. పదేళ్ల కిందట వచ్చి పోయినది అడ్డం కాకపోవచ్చు గాని, ఈ మందు వేసుకున్న కొన్ని గంటలపాటు రక్తంలో కాల్షియం కొద్దిగా పెరుగుతుంది కనుక ఇప్పుడు రాళ్లు ఉన్నాయేమో స్కాన్ తీసి, మూత్రంలో కాల్షియం ఎంత పోతోందో చూసి మొదలుపెట్టడం మంచిది. అంతకంటే ముందు తేలవలసినది ఒకటుంది. పూసలు అణగడానికి ముసలితనపు గుల్లదనమే కారణమా, మరేదైనానా? మన దేశంలో వెన్నెముకకు క్షయ సోకడం అరుదు కాదు. మల్టిపుల్ మైలోమా అనే రక్త సంబంధమైన క్యాన్సర్ కూడా మొదట నడుంనొప్పిగానే బయటపడవచ్చు. క్రియాటినిన్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను, థైరాయిడ్, సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షలు చేయించారా అని అడగండి. నాకు మొదట చూసిన చోట ఇవేవీ రాయకుండా నేరుగా ఇంజెక్షన్ పెన్ను చేతిలో పెట్టారు. రెండో డాక్టరుగారు రక్తపరీక్షలు రాస్తే విటమిన్ డి అడుగంటి ఉందని తేలింది. సముద్రం పక్కన ఇంత ఎండలో ఉండే ఊళ్లో విటమిన్ డి లోపమేమిటని మీరు అనవచ్చు. ఎండ వీధిలో ఉంటుంది, మనం వంటింట్లో ఉంటాం. ఆ లోపాన్ని సరిచేశాకే నాకు ఇంజెక్షన్ మొదలైంది.

ఇప్పుడు మీరు అడిగిన నా అనుభవం. సూది నొప్పి నిజంగా లెక్కలోకి రాదు. షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకునే పెన్ను వంటిదే ఇదీ, సూది పొడవు కొద్ది మిల్లీమీటర్లే. నేను రాత్రి భోజనమైన కాసేపటికి మంచం అంచున కూర్చుని తొడకు వేసుకునేదాన్ని. ఒకరోజు కుడి తొడ, ఒకరోజు ఎడమ తొడ, మధ్యమధ్య పొట్ట. చేతులు కడుక్కుని, కొత్త సూది బిగించి, మోతాదు పెట్టి, తొడ పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో కాస్త పైకెత్తి పట్టుకుని సూది నిటారుగా దింపాలి. మీట పూర్తిగా నొక్కాక వెంటనే లాగేయకూడదు. నెమ్మదిగా అయిదు లెక్కపెట్టి అప్పుడు తీయాలి. తొందరపడి తీసేస్తే చర్మం మీద ఒక చుక్క మిగులుతుంది, అది లోపలికి వెళ్లవలసిన మందు. సూదిని పెన్నుకే ఉంచి మూత పెట్టకుండా, ప్రతిసారీ తీసేయాలి. ఒక్కో కంపెనీ పెన్ను ఒక్కో తీరుగా ఉంటుంది, కొన్నింటిలో లోపలి మందుగొట్టం మార్చుకోవాలి. అందుచేత మీరు కొన్న పెన్ను ఎలా వాడాలో నర్సు చేత మొదటిసారి దగ్గరుండి చూపించుకోండి. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, నిండాక ఆసుపత్రిలో అప్పగించండి. చెత్తబండిలో వేస్తే అవి పారిశుద్ధ్య కార్మికుల చేతుల్లో గుచ్చుకుంటాయి.

నన్ను ఇబ్బంది పెట్టినవి వేరే. మొదటి వారాల్లో సూది వేసుకుని లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఈ మందు కొందరిలో లేవగానే బీపీ పడిపోయేలా చేస్తుంది, సాధారణంగా మొదటి కొన్ని మోతాదుల్లోనే. ఎముకలు గుల్లబారిన మనిషి కళ్లు తిరిగి పడటంకంటే ప్రమాదం ఏముంటుంది? అందుకే రాత్రి పడుకునే ముందు వేసుకోవడం, పక్కనే మనిషి ఉండటం, బాత్రూముకు ముందే వెళ్లి రావడం అలవాటు చేసుకున్నాను. మీ అమ్మగారు బీపీ మాత్రలు వాడుతుంటే వాటి వేళను కూడా డాక్టరుగారితో మాట్లాడి సర్దుకోండి. గుండెకు డిగాక్సిన్ వాడుతుంటే ముందే చెప్పాలి. తర్వాత పిక్కలు పట్టేయడం మొదలైంది. అర్ధరాత్రి పిక్క రాయిలా బిగుసుకుపోయి లేపేది. కొన్నాళ్లు వికారం కూడా ఉండేది. ఇవన్నీ రాను రాను తగ్గాయి గాని, తగ్గేదాకా ఓర్చుకోవలసింది నేనే కనుక చిన్నవని చెప్పను. ఇంకొకటి, ఇది నొప్పి మందు కాదు. రెండు వారాలైనా నడుంనొప్పి తగ్గలేదని మీ అమ్మగారు మానేస్తానంటే ఆ ముక్క చెప్పండి.

పెన్నును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిందా, పారేయవలసిందే. పాతకాలపు ఒంటి తలుపు ఫ్రిజ్ అయితే మంచుగది కిందనే ఉన్న అరలో పెట్టకండి, వెనుక గోడకు ఆనించకండి. నేను కూరగాయల అరకు పైన ఒక స్టీలు డబ్బాలో పెట్టేదాన్ని. మన ఊళ్లో తుపాను వచ్చినప్పుడు కరెంటు సంగతి మీకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఎన్ని పేటలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో ఈ ఊరివాళ్లు మరిచిపోరు. ఐస్ ప్యాకులు రెండు ఎప్పుడూ గడ్డకట్టించి సిద్ధంగా ఉంచుకోండి. అవసరం వచ్చినప్పుడు వాటిని తువ్వాలులో చుట్టి, పెన్నుకు నేరుగా తగలకుండా, వెడల్పు మూతి ఫ్లాస్కులో పెట్టండి. నేను గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లినప్పుడల్లా ఇలాగే తీసుకువెళ్లాను.

డబ్బు గురించి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. పెన్నులో 28 రోజుల మందు ఉంటుంది, తెరిచిన 28 రోజులకు మిగిలినా పారేయాలి. దీనిని నెల మందు అంటారు కనుక ఇంటివాళ్లు ఏడాదికి 12 అని లెక్కవేసుకుంటారు, కావలసినవి 13. రెండేళ్లకు 26. సూదులు వేరుగా కొనాలి. మన దేశంలోనే తయారయ్యే టెరిపారటైడ్ రకాలు చాలా ఉన్నాయి, వాటి ధరల్లో తేడా కూడా చాలా ఉంటుంది. రెండేళ్లకూ భరించగలిగినది ఏదో డాక్టరుగారితో మొహమాటం లేకుండా మాట్లాడి ఎంచుకోండి. ఏడెనిమిది నెలలు ఖరీదైనది వాడి చేతులెత్తేయడంకంటే అది మేలు.

అందువల్లనే 'ఆరు నెలలు వేయించి చూద్దామా' అన్న మీ ఆలోచన నాకు నచ్చలేదు. చూడటానికి ఆరు నెలల్లో కనిపించేది పెద్దగా ఉండదు. డెక్సా స్కాన్ సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో, అదీ అదే యంత్రం మీద తీస్తేనే పోల్చుకోగలరు. సామాన్యంగా 18 నుంచి 24 నెలలు వాడితేనే పూర్తి ఫలితం అందుతుంది. నాకు రెండేళ్లకు వెన్నులో స్కోరు బాగా పెరిగింది, తుంటిలో కొంచెం, ముంజేతిలో ఏమీ లేదు. ఈ మందు తీరు అంతేనట.

ఇక నేను మొదట అన్న మాట. టెరిపారటైడ్ ఆపేసి ఊరుకుంటే పెరిగిన ఎముక నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది. రెండేళ్ల శ్రమా డబ్బూ అలా కరిగిపోయినవారిని నేను ఎరుగుదును. వాళ్లకు 'కోర్సు అయిపోయింది' అని మాత్రమే చెప్పారు. నాకు చివరి పెన్ను అయిపోగానే జోలెడ్రానిక్ యాసిడ్ ఎక్కించారు. మొదటిసారి ఒళ్లు కాలిపోయేలా జ్వరం, కీళ్లన్నీ పీకడం ఉండి రెండు మూడు రోజుల్లో పోయాయి, రెండోసారి అంత లేదు. అది ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు, కాల్షియం చూడాలి. పీకవలసిన పళ్లు ఉంటే ముందే పీకించుకోవాలి. మీ అమ్మగారి పళ్ల సంగతి ఈ రెండేళ్లలోనే చూసుకోవడానికి మీకు కావలసినంత వ్యవధి ఉంది.

ఇంత చెప్పినా మీ అమ్మగారు రోజూ సూదికి ససేమిరా అంటే బలవంతం పెట్టకండి. ఎముకను పెంచే మందుల్లో రోమోసోజుమాబ్ అని ఇంకొకటి ఉంది. నెలకొకసారి, ఒకే పూట రెండు సూదులు, మొత్తం 12 నెలలు. గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చి ఏడాది దాటనివారికి అది ఇవ్వకూడదు, గుండెజబ్బు ఉన్నవారి విషయంలో జాగ్రత్తగా ఆలోచించాలి. దాని తర్వాత కూడా నిలబెట్టే మందు తప్పదు. ఖర్చు, గుండె పరిస్థితి చూసి డాక్టరుగారు చెప్పాలి. అయితే నా అనుభవంలో పెద్దవాళ్ల భయం సూది మీద కాదు, రోజూ ఎవరో ఒకరి మీద ఆధారపడటం మీద. మొదటి వారం మీరు వేయండి, రెండో వారం మీరు పక్కన కూర్చుని ఆవిడ చేతనే వేయించండి. తన చేతికి వచ్చాక ఆవిడే మీకు వేళ గుర్తుచేస్తారు.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ వయసు స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పొద్దున చోడి (రాగి) అంబలి, రెండుపూటలా పెరుగు, తినేవారైతే ముళ్లతో సహా నమిలే నెత్తళ్లు. మిగిలిన లోటు ఎంతో చూసి డాక్టరుగారు మాత్ర రాస్తారు, రాయి వచ్చిన మనిషి కనుక సొంతంగా కొని మింగించకండి. ముందుకు వంగి బరువెత్తడం, నేల మీద కూర్చుని కూరలు తరగడం ఇప్పట్లో వద్దు. నిండు బకెట్టు బదులు సగం నింపిన చిన్నవి రెండు పెట్టండి, బాత్రూములో గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. నొప్పి తగ్గాక చదునైన దారిలో నడవాలి. బీచికి తీసుకువెళితే ఫుట్‌పాత్ మీద నడిపించండి, ఇసుకలోకి దించకండి.

మీ పక్క ఫ్లాటు ఆవిడకు కూడా ఒక మాట చెప్పండి. ఆవిడ వేయించుకునేది డెనోసుమాబే అయితే ఆరు నెలల తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకోమనండి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లాననో, బాగానే ఉన్నాననో దానిని నెలకు మించి దాటవేస్తే, ఆపి ఉంచిన ఎముక కరుగుదల ఒక్కసారిగా విజృంభించి, వరసగా పూసలు అణిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. మానాలనుకుంటే దాని బదులు ఏం వాడాలో డాక్టరును అడిగిన తర్వాతే మానాలి.